141 నుంచి 133కి: ఎఫ్‌ఎంజీఈలో మార్కులు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: సార్, మాది ఖమ్మం దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయి 2018లో కిర్గిజ్‌స్తాన్ వెళ్లి మెడిసిన్ చదివి 2024లో తిరిగొచ్చింది. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే పాస్ కావాల్సిన ఎఫ్‌ఎంజీఈ రెండుసార్లు రాసింది. 2024 డిసెంబరు సెషన్‌లో 141, 2025 జూన్ సెషన్‌లో 133 వచ్చాయి. ఈసారి ప్రశ్నలన్నీ మార్చేశారు, చదివిన రీకాల్స్ (పాత పరీక్షల ప్రశ్నలు) ఏవీ రాలేదని ఏడుస్తోంది. మొదటిసారి కంటే ఎక్కువ చదివానంటోంది, మరి మార్కులు ఎట్లా తగ్గుతాయి? ఫోన్ చూస్తూ టైమ్ గడిపేసిందేమోనని నాకు అనుమానం. ఇది మానేసి అమెరికా పరీక్ష రాయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నగారూ, ముందు ఆ ఫోన్ అనుమానం పక్కన పెట్టండి. మీరు పంపిన రెండు మార్కులూ రెండు వేర్వేరు పేపర్లవి, వాటిని పక్కపక్కన పెట్టి 8 మార్కులు పడిపోయిందని లెక్క వేయడం సరికాదు. మీ అమ్మాయి మొదటిసారి రాసిన 2024 డిసెంబరు సెషన్‌లో (పరీక్ష జరిగింది 2025 జనవరి 12న) రాసినవాళ్లలో దాదాపు 29 శాతం పాసయ్యారు. రెండోసారి, అంటే 2025 జులై 26న జరిగిన జూన్ సెషన్ రాసినప్పుడు పాసైంది 18.6 శాతం మాత్రమే. 2023 జూన్ సెషన్‌లో అయితే పది శాతం దగ్గరే ఆగిపోయింది. ప్రతి సెషన్‌కీ రాసే పిల్లలు మారతారు, మళ్లీ మళ్లీ రాసేవాళ్లు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటారు, కాబట్టి ఈ తేడా అంతా పేపర్ వల్లే అని నేను అనను. కానీ ఆరు నెలల్లో పాస్ శాతం అంత పడిపోయిందంటే మీ ఇంట్లో జరిగిందే వేల ఇళ్లలో జరిగిందని అర్థం.

ఇక్కడ ఒక సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలు, పాస్ గీత 150. పేపర్ తేలికగా వచ్చినా 150 రావాలి, కఠినంగా వచ్చినా 150 రావాలి. పేపర్ కష్టాన్ని బట్టి ఆ గీత కిందికి జరగదు. అందుకని మీ అమ్మాయి మొదటిసారి 141 తెచ్చుకున్నప్పటి కంటే ఇప్పుడు సబ్జెక్టులో కొంచెం మెరుగ్గా ఉండి కూడా 133 దగ్గర ఆగి ఉండవచ్చు. ఆమె చదవలేదని మీరు ఇంట్లో అనుంటే, దయచేసి ఈ రాత్రికే ఆ మాట వెనక్కి తీసుకోండి.

అయితే రీకాల్స్ రాలేదన్న మాట మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. రీకాల్స్ అంటే పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు గుర్తున్నంతవరకు చెప్పిన ప్రశ్నలు. పరీక్ష పెట్టే బోర్డు అసలు పేపర్ బయట పెట్టదు, ప్రశ్నలు బయటికి చెప్పనని ప్రతి విద్యార్థితోనూ ఒప్పుకోలు తీసుకుంటుంది. 300 ప్రశ్నలు చూసిన అలసటలో ఎవరికైనా ఎన్ని గుర్తుంటాయి? రోగి వయసు పోతుంది, ఎన్ని రోజుల నుంచి జ్వరమో పోతుంది, రెండు ఆప్షన్లు పోతాయి, మిగిలిన ముక్కకి కోచింగ్‌వాళ్లో సీనియర్లో ఒక జవాబు తగిలించి పుస్తకం చేస్తారు. పోయిన ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి అలాంటి పుస్తకం తెచ్చాడు, పేజీలన్నీ పసుపు హైలైటర్‌తో నిండిపోయి ఉన్నాయి, పాపం ఎంత కష్టపడ్డాడో చూస్తేనే తెలుస్తోంది. నేను ఒక ప్రశ్న తీసి అందులో రోగి గర్భవతి అయితే అప్పుడేమిస్తావు అని అడిగాను. చాలాసేపు పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయాడు.

పరీక్షలో మారింది సరిగ్గా ఇదే. టీబీ మందుల సంగతి తీసుకోండి, మీకూ తెలిసిన జబ్బే కాబట్టి చెబుతున్నాను. పాత పద్ధతిలో ప్రశ్న ఎట్లా ఉండేదంటే, ఏ టీబీ మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది? జవాబు రిఫాంపిసిన్. ఒక్క లైను, బట్టీ పట్టేస్తే మార్కు వచ్చేస్తుంది. ఇప్పుడు అదే మందు మీద ప్రశ్న ఇంకో రకంగా వస్తుంది: టీబీ మందులు వాడుతున్న 24 ఏళ్ల మహిళ, గర్భం రాకుండా మాత్రలు ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకుంటోంది, అయినా గర్భం వచ్చింది, కారణమేంటి? జవాబు మళ్లీ రిఫాంపిసినే. అది లివర్‌లో ఎంజైములను పెంచి గర్భనిరోధక మాత్ర పని చేయకుండానే శరీరం నుంచి పోయేలా చేస్తుంది. లేదంటే, మందులు మొదలైన రెండు నెలలకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదని ఒకాయన వచ్చాడు, ఏ మందు ఆపాలి అంటారు, అది ఇథాంబుటాల్. సిలబస్‌లో ఒక్క అక్షరం మారలేదు. నారింజ రంగు అన్న మాట మాత్రమే గుర్తు పెట్టుకున్నవాళ్లకు పేపర్ మొత్తం కొత్తగా కనిపిస్తుంది, ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో చదివినవాళ్లకు మూడూ తెలిసిన ప్రశ్నలే.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది మరీ బాధాకరం, ఎందుకంటే చదివిన పిల్లలే ఇందులో పడుతున్నారు. ప్రశ్న పాతదే ఉంటుంది కానీ జవాబు మారిపోయి ఉంటుంది. ఫోరెన్సిక్ మెడిసిన్‌కి 10 మార్కులు. పాత రీకాల్స్ పుస్తకంలో నిర్లక్ష్యం వల్ల మరణానికి ఏ సెక్షన్ అంటే ఐపీసీ 304ఏ అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అది సెక్షన్ 106. అలాగే కమ్యూనిటీ మెడిసిన్, పిల్లలు పీఎస్‌ఎం అంటారు, దానికి 30 మార్కులు. పోలియో ఇంజెక్షన్ పసిపిల్లలకు ఆరో వారం, పద్నాలుగో వారం రెండే డోసులని పాత పుస్తకం చెబుతుంది, 2023 జనవరి నుంచి తొమ్మిదో నెలలో మూడో డోసు కూడా చేర్చారు. టీబీ కార్యక్రమం పేరే 2020లో మారింది. కిర్గిజ్‌స్తాన్‌లో మన దేశపు టీకాల పట్టిక, మన చట్టాలు ఎవరూ నేర్పరు, కాబట్టి ఈ 40 మార్కులూ మన పిల్లలు ఇక్కడికి వచ్చాకే నేర్చుకోవాలి. అది కూడా పాత పుస్తకంలోంచి నేర్చుకుంటే ఏం లాభం? మీ అమ్మాయి టేబుల్ మీద ఉన్న పీఎస్‌ఎం, ఫోరెన్సిక్ పుస్తకాలు ఏ సంవత్సరం ఎడిషనో ఈరోజే చూడమనండి. ఆమెకు కావలసింది 17 మార్కులు, అందులో మంచి భాగం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

పరీక్ష పద్ధతి కూడా మారింది. ఒక్కో భాగంలో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, అది ఎప్పటిదే. ఇదివరకు సందేహమున్నవి గుర్తు పెట్టుకుని, అన్నీ చేసుకుని, చివర్లో వెనక్కి వచ్చి తీరిగ్గా ఆలోచించేవాళ్లు. ఇప్పుడు పేపర్‌ని సెక్షన్లుగా విడగొట్టారు, ఒక సెక్షన్ టైమ్ అయిపోతే అది మూసుకుపోతుంది, మళ్లీ తెరవలేరు. రోగి కథ నాలుగైదు లైన్లు ఉండి, ఫొటో కూడా ఉండి, నిమిషంలో తేల్చాలంటే ఇంట్లో నిదానంగా చదువుకున్నవాళ్లకు టెన్షన్ వస్తుంది, చేతికందిన ప్రశ్నలు కూడా వదిలేస్తారు. ఇందులో నెగటివ్ మార్కులు లేవు. ఆఖరి నిమిషంలో అయినా సరే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. కిందటిసారి ఎన్ని వదిలిందో మెల్లగా అడగండి.

రోగి కథ రూపంలో ప్రశ్నలు పెరిగినకొద్దీ విదేశాల్లో చదివినవాళ్లకు ఎందుకు కష్టమవుతోందో కూడా మీరు అర్థం చేసుకోవాలి. అక్కడి వార్డుల్లో రోగులు రష్యన్, కిర్గిజ్ మాట్లాడతారు. రోగి పక్కన కూర్చుని నొప్పి ఎప్పుడు మొదలైంది, తిన్నాక తగ్గుతుందా పెరుగుతుందా అని అడిగి తెలుసుకునే అవకాశం మన పిల్లల్లో చాలామందికి దొరకదు. పుస్తకంలో జబ్బు పేరు ముందు ఉంటుంది, లక్షణాలు తర్వాత వస్తాయి. పరీక్షలోనూ ఆస్పత్రిలోనూ అది తలకిందులు, లక్షణాలు ముందొస్తాయి, పేరు మనం చెప్పాలి. అందుకే వారంలో రెండు పూటలు, తెలిసిన డాక్టర్ ఎవరి ఓపీలోనైనా అనుమతి అడిగి, ఊరికే పక్కన కూర్చుని చూడమనండి. చూడటం వరకే. రిజిస్ట్రేషన్ లేకుండా డ్యూటీ డాక్టర్‌గా చేర్చుకుంటాం, నెలకింత ఇస్తాం అని ఎవరైనా చెబితే అస్సలు ఒప్పుకోవద్దు, జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం దానికి ఏడాది వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఆరేళ్లు చదివిన చదువు అక్కడ పోగొట్టుకోకూడదు.

అమెరికా పరీక్ష గురించి. మీ బంధువులు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ అమెరికాలో డాక్టర్ లైసెన్సుకు రాసే యూఎస్‌ఎంఎల్‌ఈలో కూడా ప్రశ్నలు మారుతూనే ఉంటాయి. ఏటా ప్రశ్నల నిధిని కొంత మారుస్తారు, ఎక్కువగా మే నెల ప్రాంతంలో, ఆ వారాల్లో రాసినవాళ్లకు ఫలితాలు కూడా ఆలస్యంగా వస్తాయి. అక్కడ ఒక మేలు ఉంది: ఎవరికి కఠినమైన సెట్ వచ్చిందో, ఎవరికి తేలికైనది వచ్చిందో లెక్కగట్టి స్కోరును సరిచేస్తారు, కాబట్టి పేపర్ కష్టం వల్ల ఒకరికి అన్యాయం జరగడం తక్కువ. అంతమాత్రాన అది తేలిక కాదు. అందులో మొదటి భాగమైన స్టెప్ 1ని 2022 జనవరి నుంచి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్‌గా మార్చారు. మొదటిసారి రాసిన విదేశీ కాలేజీల విద్యార్థుల్లో 2021లో 82 శాతం పాసైతే 2022లో 74 శాతమే పాసయ్యారు. తర్వాతి భాగమైన స్టెప్ 2 సీకే పాస్ మార్కును 2025 జులై నుంచి 214 నుంచి 218కి పెంచారు. ఒక స్టెప్‌ను నాలుగుసార్లకు మించి రాయనివ్వరు, మన ఎఫ్‌ఎంజీఈకి ఆ పరిమితి లేదు. ఇక రీకాల్స్ అలవాటుతో అటు వెళ్తే ఇంకా ప్రమాదం. అక్కడ ఒకే ప్రశ్నల నిధి నుంచి రోజూ ఎవరో ఒకరు పరీక్ష రాస్తూనే ఉంటారు, కాబట్టి రీకాల్స్ పంచుకోవడాన్ని మోసంగానే చూస్తారు. 2024 జనవరిలో నేపాల్‌తో ముడిపడిన 800 మందికి పైగా విద్యార్థుల స్కోర్లను, ప్రశ్నలు ముందే తెలిశాయన్న అనుమానంతో రద్దు చేశారు. మీ అమ్మాయికి నిజంగా అమెరికా వెళ్లాలని ఉంటే ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, అప్పుడు విడిగా మాట్లాడదాం. 17 మార్కుల దూరంలో ఉన్న పరీక్షను వదిలేసి, దాన్నుంచి తప్పించుకోవడానికి ఇంకో పరీక్షకు లక్షలు కట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు.

డిసెంబరు సెషన్‌కి చేయాల్సింది చెబుతాను. కొత్త రీకాల్స్ కొనడం ఆపేయమనండి, టెలిగ్రామ్‌లో పేపర్ ఇస్తామనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఉన్న రీకాల్స్‌ను ఏ టాపిక్స్ ఎక్కువగా అడుగుతున్నారో చూసుకోవడానికి మాత్రం వాడుకోవచ్చు, దానికి అవి పనికొస్తాయి. మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ (కాన్పులు, స్త్రీల వ్యాధులు) 30, పీఎస్‌ఎం 30, ఈ నాలుగే 125 మార్కులు, రోజులో మంచి గంటలు వీటికి ఇవ్వాలి. ప్రతి ఆదివారం ఒక గ్రాండ్ టెస్ట్ (పూర్తి నమూనా పరీక్ష), పరీక్ష జరిగే టైమ్‌లోనే, రెండు భాగాలూ ఒకే రోజు, సెక్షన్ టైమ్ పెట్టుకుని, ఫోన్ మీ జేబులో ఉంచి రాయించండి. సోమవారం అంతా తప్పుల మీదే కూర్చోవాలి. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒక్కటే రాసుకుంటే చాలదు, మిగిలిన మూడు ఆప్షన్లూ ఎందుకు కావో, రోగి ఎట్లా ఉండుంటే అవి సరైన జవాబు అయ్యేవో రాసుకోవాలి. ఇది నిదానంగా సాగే పని, మొదటి రెండు వారాలు ఏం కదలట్లేదనిపిస్తుంది, అప్పుడు మీరు ఓపిక పట్టాలి.

మీకూ ఒక పని ఉంది. సాయంత్రం ఈరోజు ఎన్ని ప్రశ్నలు చేశావమ్మా అని అడగొద్దు. అన్నం తినేటప్పుడు ఒక్క కేసు చెప్పమనండి, మీకు అర్థమయ్యే తెలుగులో, రోగి ఏమని వచ్చాడు, ఏం పరీక్ష చేయించాలి, ఆ మందే ఎందుకు ఇవ్వాలి అని. మధ్యలో మీకు అర్థం కాకపోతే మొహమాటపడకుండా ఎందుకు అని అడగండి. ఆమె ఎక్కడ తడబడిందో ఆ టాపిక్ మర్నాడు పొద్దున మొదట చదవాలి. నాలుగు ఆదివారాల గ్రాండ్ టెస్ట్ మార్కులు, ఆ తప్పుల నోటుబుక్‌లో ఏవైనా రెండు పేజీలు నాకు పంపండి, మిగిలిన వారాలు ఏ సబ్జెక్టుకు ఎన్ని రోజులో అవి చూసి చెబుతాను.