మాటల్లేకపోయినా అది కీర్తనే

అమెరికా నల్లజాతి గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ గిటార్ వాయిస్తూ మూలిగిన 'డార్క్ వాజ్ ది నైట్, కోల్డ్ వాజ్ ది గ్రౌండ్' పాటలో ఒక్క మాట కూడా లేదు కదా, మరి దాన్ని భక్తి పాట అని ఎందుకంటారని ఇక్కడ ఒకరు అడిగారు.

మాటలున్నాయండీ. పాడినాయన వాటిని బయటికి అనలేదు, అంతే. అవి థామస్ హావైస్ అనే ఇంగ్లిష్ పాదిరి 1792లో రాసిన కీర్తనలోవి. సిలువ వేయడానికి ముందు రాత్రి గెత్సేమనే తోటలో, చీకట్లో, చల్లటి నేల మీద పడి యేసు ప్రార్థన చేయడం గురించి. అమెరికా దక్షిణాది నల్లవాళ్ల చర్చిల్లో అందరి చేతుల్లో పుస్తకాలుండేవి కావు. ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్లు దాన్నే సాగదీసి, ఎవరి గొంతుకు వచ్చినట్టు వాళ్లు పాడేవారు. 1927 డిసెంబర్ 3న డల్లాస్‌లో కొలంబియా రికార్డుల కంపెనీ మైకు ముందు జాన్సన్ చేసింది అదే. ఆయన మూలుగు అందిస్తుంది, గిటార్ తీగ మీద జార్చే నున్నటి ముక్క, అంటే స్లైడ్, సంఘమంతా అయి బదులు పలుకుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పాట వినకముందే నేను దాన్ని చూశాను.

నరసాపురం దగ్గర మా అమ్మమ్మ ఊరు. నాకు పదకొండేళ్లప్పుడు, గుడ్ ఫ్రైడే ముందు రోజు రాత్రి ఆరాధనలో కరెంటు పోయింది. మైకు ఆగింది, హార్మోనియం అబ్బాయి చేతులు తీసేశాడు. పాస్టర్ అయ్యగారి బల్ల మీద ఒక్క లాంతరు. ముందు చాప మీద కూర్చున్న అమ్మమ్మ కీర్తన ఎత్తుకుంది. ఆవిడకు చదువు రాదు, పాటలన్నీ విని పట్టినవే. రెండో చరణంలో మాట తప్పింది. ఆపలేదు. నోరు మూసుకుని రాగం మాత్రం లాగుతూ, చేతికర్ర కొసతో సిమెంటు గచ్చు మీద కొడుతూ పోయింది. పక్కనున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు, ఒకరు ముందు, ఒకరు వెనక. ఎవరికీ మాట గుర్తు రాలేదు. ఎవరికీ అవసరమూ పడలేదు. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం లాంతరు వెలుగులో కనబడింది.

పదిహేనేళ్ల తర్వాత హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో, ఇయర్‌ఫోన్లలో జాన్సన్ వినబడినప్పుడు లేచి కూర్చున్నాను. ఆ చేతికర్ర చప్పుడు ఒక్కటే తక్కువ.

అందుకే ఈ పాటను గిటార్ పాఠంలా చేసినవాళ్లంటే నాకు కోపం. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ గొప్పవాడే. 1970లో తన మొదటి ఆల్బమ్‌లోనే దీన్ని వాయించాడు, 1984లో 'పారిస్, టెక్సస్' సినిమా సంగీతాన్నీ దీని మీదే కట్టాడు. కానీ గొంతు తీసేసి గిటారే ఉంచితే, అందించే మనిషి పోయి బదులు పలికేవాళ్లే మిగిలినట్టు. నా దృష్టిలో అది సగం పాట. ఇప్పుడు మన చర్చిల్లో కీబోర్డు రిథమ్, మైకులో ఎకో పెట్టి చేస్తున్నది కూడా ఇదే. ముసలివాళ్లు రాగం లాగుదామన్నా ఆ బీటు ఆగదు.

రికార్డుకు రెండో వైపు ఏముందో కూడా వినండి. 'ఇట్స్ నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్'. ఇంట్లో బైబిలుంది, చదవకపోతే నా ఆత్మ నాశనమే, తప్పు నాదే అని పాడతాడు. పాడుతున్నది చూపులేని మనిషి! దాన్ని 1976లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ వాళ్లు మార్చి పాడి, రాసినవాళ్లుగా తమలో ఇద్దరు, పేజ్, ప్లాంట్ పేర్లే వేసుకున్నారు. జాన్సన్ 1945లోనే టెక్సస్‌లోని బోమాంట్‌లో పేదవాడిగా పోయాడు. అడిగేవాడు లేడు.

1977లో నాసా వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో జాన్సన్ మూలుగు ఉంది. అదే రికార్డులో 55 భాషల పలకరింపుల మధ్య మన తెలుగు కూడా ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మమ్మ అప్పటికే లేదు.

డల్లాస్‌కు ఒక కంపెనీ మెషిన్ మోసుకెళ్లింది కాబట్టి ఆ గొంతు మిగిలింది. మా ఇంట్లోనూ టేప్ రికార్డర్ ఉండేది, ఖాళీ క్యాసెట్లూ ఉండేవి. వాటి మీద సినిమా పాటలు ఎక్కించుకున్నాం. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే, ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఆవిడ దగ్గర పెట్టండి.