నువ్వు పంపిన ఆరు పేర్ల గురించి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ ఉత్తరం అందింది. నువ్వు కాపరిగా (పాస్టర్‌గా) ఉన్న సంఘం పెరిగింది, అన్నీ ఒక్కడివే చూసుకోలేకపోతున్నావు, పెద్దల కమిటీ వేద్దామనుకుంటున్నావు అని రాశావు. సంతోషం. అడుగున ఆరు పేర్లు రాసి, ఒక్కొక్కరి గురించి ఒక ముక్క కూడా చేర్చావు. ఆ ముక్కలు నేను రెండుసార్లు చదివాను. ఒకాయన నీ బావమరిది. ఒకాయన సంఘం ఇచ్చే జీతం మీద బతుకుతున్నాడు. ఇద్దరు నీ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకుని ఇంకా రెండేళ్ళు కాలేదు. ఐదో ఆయన "నేనేం చెప్పినా కాదనడు" అని నువ్వే రాశావు. ఆరో ఆయన అందరికంటే ఎక్కువ కానుక ఇచ్చే మనిషి.

వీళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. నువ్వంటే ప్రాణం పెట్టేవాళ్ళే అయ్యుంటారు. కానీ నీ ఎదురుగా కూర్చుని "అయ్యగారూ, ఇది వద్దు" అనగలిగేది వీళ్ళలో ఎవరు? అన్నాక మర్నాడు నీతో మామూలుగా మాట్లాడగలిగేది ఎవరు? ఆ ఆరో ఆయన అనగలడేమో. ఆయన మాట చెల్లేది మాత్రం వేరే కారణానికి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంకో మాట కూడా రాశావు. ఒక రిటైర్డ్ టీచర్ గారున్నారు, మంచి భక్తిపరుడే గానీ ప్రతిదానికీ ప్రశ్న వేస్తాడు, అందుకే పెట్టలేదు అని. అది చదివి నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను సేవ మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో ఆదివారం కానుకల సంచి మా ఇంటికే వచ్చేది. నేనూ మా ఆవిడా కూర్చుని లెక్కపెట్టేవాళ్ళం, పుస్తకంలో నేనే రాసుకునేవాణ్ణి. ఒక్క పైసా పక్కకి పోలేదు, ఈ మాట దేవుని ముందు నిలబడి చెప్పగలను. ఒకరోజు ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు వచ్చి, "అయ్యగారూ, ఈ ఏడాది లెక్కలు సంఘానికి ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. తర్వాతి ఆదివారం ప్రసంగానికి మోషే మీద తిరగబడ్డ కోరహు కథ ఎత్తుకున్నాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అందరూ ఆయన వైపు చూశారు. నెల తిరక్కుండా ఆ కుటుంబం సంఘం వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా సంఘంలో ఎవరూ ఏదీ అడగలేదు. దాన్ని నేను ఐకమత్యం అనుకున్నాను.

అందుకని నాకు అర్థమైంది ఇదీ. కమిటీ వేయడం కష్టం కాదు, అడగడం అవమానం కాకుండా చూసుకోవడమే కష్టం. లెక్క అడగడానికి ఒక విశ్వాసికి ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చిందంటే ఏర్పాటులోనే ఏదో లోపం ఉంది. ఫలానా నెలలో లెక్కలు చదవాలి అని సంఘం నియమావళి అయిన బైలాస్‌లో రాసి ఉంటే ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు, నీకూ కోపం రానక్కర్లేదు. నేను కింద చెప్పేవన్నీ దీని కోసమే.

"అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న వాక్యాన్ని నీ పక్షాన ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. అది 105వ కీర్తన 15వ వచనం. పైనున్న మూడు వచనాలు కూడా చదవమను. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్ళకు హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అక్కడ ఉంది. కాపరిని లెక్క అడగవద్దని లేదు. దావీదు అభిషిక్తుడే, అయినా నాతాను ప్రవక్త ఆయన ఎదుటికే వెళ్ళి పాపం ఒప్పించాడు. పేతురు అపొస్తలుడే, అయినా అంతియొకయలో పౌలు ఆయన్ని ముఖాముఖిగా ఎదిరించాడు, ఎదిరించిన సంగతి గలతీయులకు రాశాడు కూడా.

ఇప్పుడు పెద్దల ఎన్నిక. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం నీకు కంఠతా వచ్చుంటుంది. కానీ అందులో మనం సులువుగా దాటేసే సంగతి ఒకటుంది. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగుని అణచలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి అని సంఘానికే వదిలిపెట్టారు. ఎన్నికైన పేర్లు చూడు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరైతే ఫిర్యాదు చేశారో బహుశా వాళ్ళ వైపు మనుషులకే సంఘం ఆ పని అప్పగించింది. నువ్వు మీ టీచర్ గారిని పక్కన పెట్టావు.

కాబట్టి పేర్లు నువ్వొక్కడివే రాయకు. సంఘం పేర్లు ఇవ్వాలి, వాటిని వాక్యంతో సరిచూడటం నీ పని. ఒకటో తిమోతి మూడో అధ్యాయంలో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపే పెద్దకు, ఉండాల్సినవి వరసగా చదువు. బోధించగలగడం ఒక్కటే అందులో నైపుణ్యం. మిగిలినదంతా గుణం గురించి, ఇంటి గురించి, బయటివాళ్ళ దగ్గర మంచి పేరు గురించి. డబ్బు గురించి ఉన్నదల్లా ధనాపేక్ష ఉండకూడదనే. కొత్తగా చేరినవాడు వద్దని కూడా అక్కడే ఉంది, కాబట్టి ఆ ఇద్దరు తమ్ముళ్ళనీ ఇప్పుడే లాగకు. వాళ్ళకు వేరే పని ఇచ్చి చూడు, పరిచారకులను కూడా ముందు పరీక్షించాలనే కదా పౌలు చెప్పింది. ఒక ఇంటి నుంచి ఇద్దరు ఉండకూడదు, నీ చుట్టాలు అసలే వద్దు, సంఘం జీతం తీసుకునేవాళ్ళకు నీ జీతం మీదా నీ నడవడి మీదా ఓటు ఉండకూడదు. మూడేళ్ళ పదవి, తర్వాత ఒక ఏడాది ఖాళీ. అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏటా మూడో వంతు మంది మారేలా చూసుకో.

బావమరిదికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ ఆవిడతో ముందు మాట్లాడు.

ఏ పద్ధతి మంచిదని అడిగావు. కొన్ని సంఘాలకు పైన బిషప్ ఉంటాడు. కొన్ని చోట్ల పెద్దలు, వాళ్ళ పైన ప్రెస్బిటరీ (ఆ ప్రాంతపు సంఘాల పెద్దల సభ), ఆపైన సినడ్ (ఇంకా పెద్ద సభ) ఉంటాయి. మనలాంటి స్వతంత్ర సంఘాల్లో చివరి మాట సంఘానిదే. మూడింటికీ వాక్యం చూపించేవాళ్ళున్నారు, మూడింట్లోనూ పాడైపోయినవాళ్ళున్నారు. నేను చూసేది ఒక్కటే. కాపరి తప్పు చేస్తే, ఆయన అనుమతి అడక్కుండా ఆయన్ని ఆపగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బిషప్‌లున్న ప్రాచీన సంఘం కూడా ఈ ప్రశ్న వేసుకుంది. 325లో నైసియాలో కూడిన మహాసభ తన ఐదో నియమంలో, బిషప్ ఎవరినైనా వెలివేస్తే అది ఆయన చిన్న బుద్ధితోనో, గొడవ వల్లనో జరిగిందా అని ఆ ప్రాంతపు బిషప్‌లందరూ ఏడాదికి రెండుసార్లు కూడి విచారించాలని రాసింది. కోరహు ప్రసంగం నాటికి నా మీద అలాంటివాళ్ళు ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

స్వతంత్ర సంఘానికి ఉన్న పెద్ద లోటు ఇదే, పైన ఎవరూ లేరు. ఆ లోటును నువ్వే పూడ్చుకోవాలి. వేరే సంఘాల్లోంచి ఇద్దరు ముగ్గురు అనుభవం ఉన్న కాపరులను, నీ దగ్గర కానుకగా డబ్బు కవరు అందుకోనివాళ్ళను, చూసుకో. వాళ్ళ పేర్లు గౌరవ సలహాదారులని బోర్డు మీద రాస్తే సరిపోదు. కాపరి మీద తీవ్రమైన ఆరోపణ వస్తే పెద్దలు వీళ్ళకు తెలియజేయాలి, వీళ్ళు విచారించాలి, అవసరమైతే కాపరిని ప్రసంగపీఠం నుంచి పక్కన పెట్టమని చెప్పే అధికారం వీళ్ళకు ఉండాలి, ఆ రోజుల్లో వాక్యం ఎవరు చెప్తారో కూడా తేలి ఉండాలి. ఇదంతా కాగితం మీద, ఇప్పుడే, నీ మీద ఏ మాటా లేనప్పుడే రాసుకోవాలి. గొడవ వచ్చాక రాసిన నియమం ఎవరో ఒకరి మీద రాసినట్టే ఉంటుంది. ఆ కాపరులతో మూడు నెలలకోసారి కూర్చో. 1541లో జెనీవా సంఘానికి సంస్కర్త కాల్విన్ రాసిన నియమాల్లో కూడా పాస్టర్లు మూడు నెలలకోసారి కూడి, ఒకరి తప్పులు ఒకరు చెప్పుకోవాలని ఉంది.

డబ్బు దగ్గర మొహమాటం అసలు పనికిరాదు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. రెండో కొరింథీ ఎనిమిదిలో చూడు. సంఘాలే ఏర్పరచిన ఒక సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు మోపకుండా ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు. "దేవుడికి తెలుసులే" అంటాం మనం. 451లో చాల్సెడాన్ సభ కూడా ప్రతి బిషప్ దగ్గరా ఆస్తి వ్యవహారం చూసే వేరే మనిషి ఉండాలంది. సంఘం వ్యవహారం సాక్షి లేకుండా జరగకూడదు అన్నది అక్కడ చెప్పిన కారణం. సాక్షి అన్న మాట నాకు బాగా నచ్చింది. పోలీసు అనలేదు, సాక్షి అన్నారు.

కానుకలు చుట్టరికం లేని ఇద్దరు, ఆరాధన అయిన వెంటనే, అక్కడే లెక్కపెట్టి సంతకాలు చేయాలి. నువ్వు ఆ గదిలో ఉండకు. చెక్కు మీద రెండు సంతకాలు, రెండింట్లోనూ నీది ఉండకూడదు. స్థలం, భవనం, బండి ఏదైనా రిజిస్టరైన సంస్థ పేరునే ఉండాలి, నీ పేరున గానీ మీ అబ్బాయి పేరున గానీ కాదు. బయటి ఆడిటర్ ఏటా చూడాలి. నీ జీతం గురించి మాట్లాడేటప్పుడు నువ్వు లేచి బయటికి వెళ్ళు. అయితే ఆ జీతం బతకడానికి సరిపోయేలా ఇవ్వమని పెద్దలకు ముందే చెప్పు. కాపరిని అరాకొరా జీతంతో ఉంచి, ఆ తర్వాత కవర్లు ఎందుకు తీసుకున్నావని అడిగే సంఘాలను కూడా నేను చూశాను.

ఇక ఆ ఆరో ఆయన. ఎక్కువ ఇచ్చేవాణ్ణి కమిటీలో పెడితే కాపరి ఆయనకు జవాబుదారీ అవుతాడు, ఆయన ఎవరికీ కాడు. కాపరి పెత్తనం గురించే అందరూ మాట్లాడతారు గానీ కాపరిని గుప్పిట్లో పెట్టుకున్న కుటుంబాలు తక్కువేం కాదు. మూడో యోహానులో దియొత్రెఫే అనే ఆయన ప్రాముఖ్యత కోరుకున్నాడు, సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకునేవాళ్ళను వెలివేశాడు. ఆయన కాపరో, పెద్దమనిషో అక్కడ రాసి లేదు. ఎవరు ఎంత ఇస్తున్నారో నీకూ పెద్దలకూ తెలియనక్కర్లేదు, ఆ పుస్తకం ట్రెజరర్ దగ్గరే ఉండనీ.

ఫిర్యాదుల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ తీసుకోవద్దని తిమోతికి పౌలు రాశాడు. పుకార్ల నుంచి నిన్ను కాపాడే మాట అది. చాలామంది అక్కడ ఆగిపోతారు. తర్వాతి వచనంలో, పాపం చేసేవాళ్ళను అందరి ముందు గద్దించమని ఉంది. ఆపైన, పక్షపాతం లేకుండా చేయమని ఉంది. మూడూ కలిపి చదవాలి. మత్తయి పద్దెనిమిదిలోని "ఒంటరిగా వెళ్ళి చెప్పు" అన్నది సహోదరుల మధ్య తప్పుల గురించి. పిల్లల మీదో స్త్రీల మీదో అఘాయిత్యం జరిగిందని వింటే ఆ బిడ్డను పట్టుకుని ఒంటరిగా వెళ్ళి మాట్లాడమనకు, సాక్షులేరని అడగకు, కమిటీలో పెట్టి నలపకు. వెంటనే పోలీసులకు చెప్పు. అది సంఘం విచారించే విషయం కాదు. సంఘం పరువు పోతుందని ఎవరైనా నీ చెవిలో చెబితే ఆ మనిషి పేరు గుర్తుపెట్టుకో, పెద్దల జాబితాలోకి రానివ్వకు.

మీటింగులకు మినిట్స్ రాయించు. నీ గురించి మాట్లాడే అంశం వస్తే అధ్యక్షత ఇంకొకరికి ఇవ్వు. మరీ ఏడాదంతా మౌనంగా ఉండి చివర్లో నీ తప్పులన్నీ ఒకేసారి కుమ్మరించే పద్ధతి కూడా వద్దు. నీ సెలవులు, నీ నిద్ర, మీ ఆవిడతో నువ్వు గడిపే సమయం కూడా వాళ్ళు అడగాలి. పాస్టరమ్మల (పాస్టర్ల భార్యల) గోడు వినే కమిటీ నేనింకా ఎక్కడా చూడలేదు. నువ్వు వేస్తే నాకు చెప్పు.

మొదట ఒక పని చెయ్యి. ఈ వారంలోనే టీచర్ గారి ఇంటికి వెళ్ళు. కమిటీలోకి రమ్మని అడగడానికి కాదు, సంఘం ఆయన పేరు ఇస్తుందో లేదో మనకు తెలియదు. లెక్కల పుస్తకం పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "మీరు ఏవేవో అడుగుతుంటారు కదా, కూర్చుని చూడండి" అను. మొదటి అరగంట నీకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఆయన వేసిన ప్రశ్నలన్నీ రాసుకుని, జవాబు తెలియని వాటి కింద గీత గీసి నాకు పంపు. బైలాస్ ముసాయిదా వాటితోనే మొదలుపెడదాం.

పిల్లలకు దీవెనలు, అమ్మాయికి వందనాలు చెప్పు.

ప్రభువు సేవలో,
నీ అన్న