ఏడు నెలల కోళ్లకు బ్లడ్ క్యాన్సరా?

ప్రశ్న: మా దగ్గర అరవై వనరాజా, నాటు కోళ్లున్నాయి. ఏడు నెలల వయసు. రెండు నెలల్లో తొమ్మిది పోయాయి. తురాయి తెల్లబడుతుంది, రొమ్ము ఎముక తేలుతుంది, పొట్ట మాత్రం నిండుగా ఉంటుంది. డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూపిస్తే కార్జం పొట్టంతా పరుచుకుని ఉంది. వైరస్ వల్ల వచ్చే బ్లడ్ క్యాన్సర్ కావచ్చన్నారు. వైరస్‌తో క్యాన్సర్ రావడమేంటి సార్? మందేమిటి?
– ఒక రైతు, జడ్చర్ల మండలం

జవాబు: డాక్టరు గారి అనుమానం సబబే. దీన్ని లింఫాయిడ్ ల్యూకోసిస్ అంటాం. నాలుగు నెలలు దాటిన కోళ్లలోనే చావులు కనిపిస్తాయి. మారెక్స్ అనే మరో వైరస్ జబ్బులోనూ కార్జం ఉబ్బుతుంది కానీ, అది తరచూ చిన్న వయసులోనే మొదలై కాళ్లు పడిపోయేలా చేస్తుంది. మీరు ఆ లక్షణం రాయలేదు.

ఈ వైరస్ కణంలోకి దూరి, తన జన్యువును కోడి జన్యువుల మధ్య అతికిస్తుంది. ఎక్కడ అతుక్కుంటుందో చెప్పలేం. కణాన్ని పెరగమని చెప్పే ‘మిక్’ అనే జన్యువు పక్కన పడిందా, బోరు మోటారుకు ఆటో స్టార్టర్ బిగించినట్టే. మోటారు కోడిదే, స్టార్టర్ వైరస్‌ది, ఆపేవాళ్లు లేరు. క్యాన్సర్ గడ్డ మలద్వారం పైనుండే బర్సా అనే సంచిలో మొదలై కార్జానికి, ప్లీహానికి పాకుతుంది. అలా పక్కన పడటానికి, ఆ గడ్డ పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టే పిల్లలప్పుడు బాగానే ఉంటాయి. కొన్ని అరుదైన వైరస్‌లైతే కోడి నుంచి ఎత్తుకెళ్లిన జన్యువునే మోసుకొస్తాయి. అవి వారాల్లోనే చంపేస్తాయి. ఆ జన్యువులు అసలు కోడివేనని తేల్చినందుకే బిషప్, వార్మస్ అనే శాస్త్రవేత్తలకు 1989లో నోబెల్ వచ్చింది. కోళ్ల ల్యూకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, వైరస్ ద్వారా అంటుకుంటుందని 1908లోనే కోపెన్‌హాగెన్‌లో చూపించారు. వైరస్ క్యాన్సర్ తెస్తుందన్న సంగతి మనకు తెలిసింది కోళ్ల పుణ్యమే!

మందు లేదు, టీకా కూడా లేదు. మారెక్స్ టీకా దీనికి పనిచేయదు. యాంటీబయాటిక్‌ల మీద డబ్బు పోయకండి. ఈసారి కోడి చనిపోతే కార్జం, బర్సా ముక్కలు కుళ్లకుండా ఫార్మలిన్ ద్రావణంలో వేయించి పరీక్షకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి పంపించమని డాక్టరు గారిని అడగండి. మనుషులకు ఇది రాదు, అయినా జబ్బు కోడిని వండుకోవద్దు. బక్కచిక్కినవాటిని ఏరేయండి, చనిపోయినవాటిని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. టీకాలకు ఒకే సూది అన్నింటికీ వాడొద్దు.

ఇక అసలు దారి గుడ్డు. తల్లి నుంచి పిల్లకు వైరస్ గుడ్డులోనే వెళ్తుంది. ఉడికించుకుని తినడానికి ఇబ్బంది లేదు కానీ, ఈ మందలోని గుడ్లు పొదిగించొద్దు. ఇప్పటికే ఏ పెట్ట కిందైనా పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి.