తాంబరంలో కొత్తగా చేరిన కౌన్సెలర్ అమ్మాయికి

అమ్మా,

హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా నీ పనిలో అసలు కష్టం రెండు కేంద్రాల మధ్య ఉంటుంది. చీటీ రాసి చేతికిచ్చినంత మాత్రాన మనిషి అక్కడ చేరినట్టు కాదు. పరీక్షలో పాజిటివ్ అని తేలినవాళ్లని వీలైతే అదే రోజు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లు. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందులు ఇస్తున్నారు, ఆ రిపోర్టు కోసం ఎవరినీ ఆపకు.

టీబీ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడుగు. ఒక్కటున్నా ఆ రోజే కఫం పరీక్షకి పంపాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ రక్తంలో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుని బాగా తగ్గించేస్తుంది. అందుకని రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్రకి (డోలుటెగ్రావిర్‌తో కలిపి మూడు మందులుండే మాత్ర) తోడు, 12 గంటల తేడాతో ఇంకో 50 మి.గ్రా. డోలుటెగ్రావిర్ వేసుకోవాలని డాక్టరు రాస్తారు. రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు అది కొనసాగాలి. ఆ రెండో మాత్ర సంగతి టీబీ వాళ్లు చెప్పారని ఏఆర్‌టీ వాళ్లూ, వీళ్లు చెప్పారని వాళ్లూ అనుకుంటారు, మధ్యలో రోగి నష్టపోతాడు. మొదటి వారంలోనే సంచి తెరిపించి మాత్రలు చూడు. పొద్దున ఏది, రాత్రి ఏది అని డబ్బా మీద తెలుగులో రాసిపెట్టు. చాలామంది మనవాళ్లకి తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. టీబీ యూనిట్ వాళ్లతో తరచూ కూర్చుని రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి పేరుపేరునా సరిచూసుకోండి.

గర్భిణులకి ఇంకోచోట ఐరన్, కాల్షియం మాత్రలిస్తారు. పరగడుపున వాటితో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. అన్నంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు, లేదంటే డోలుటెగ్రావిర్ వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో. ఈ మాట నర్సమ్మకీ చెప్పు. బిడ్డకి ఆరు వారాలప్పుడు చేయించాల్సిన రక్తపరీక్ష తేదీ ఇద్దరూ రాసుకోండి.

కట్టడాల పనికొచ్చిన నెల్లూరు, శ్రీకాకుళం వాళ్లు సంక్రాంతికి ఊరెళ్తే మందులు తెగిపోతాయి. డిసెంబరు మొదట్లోనే ప్రయాణం ఎప్పుడో అడుగు. నిలకడగా ఉన్నవాళ్లకి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వగలరేమో డాక్టర్ని అడుగు. తిరిగి రానివాళ్లని అక్కడి కేంద్రానికి మార్పించు. ఊరికి దగ్గరని నువ్వే ఒక కేంద్రం రాసేయకు. తెలిసినవాళ్లు కనిపిస్తారని పక్క జిల్లా కోరుకునేవాళ్లున్నారు, వాళ్లు అడిగిందే సరైనది. అక్కడ పేరు నమోదైందని ఫోనులో నిర్ధారించుకునేదాకా నీ జాబితాలోంచి కొట్టేయొద్దు.

ఎన్ని సంస్థలు కలిసి పనిచేసినా, రాతపూర్వక సమ్మతి లేకుండా ఎవరి వివరాలూ చేతులు మారకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతని హక్కుగా ఇచ్చింది. ఏ నంబరుకి, ఏ వేళ ఫోన్ చేయాలో, ఇంకెవరైనా ఎత్తితే ఏం చెప్పాలో మొదటి రోజే అడిగి రాసుకో. పాజిటివ్ వ్యక్తుల సంఘాలని సమావేశాలకి మొదటినుంచీ పిలువు; మందులు మానేసినవాళ్లు మన ముందుకన్నా వాళ్ల ముందే నోరు విప్పుతారు.