పెద్ద ఫోన్ కంపెనీతో డీల్ కుదిరిందని షేర్లు కొనొచ్చా? సఫైర్ తెరను నమ్ముకున్న నా అనుభవం

ఒక చిన్న లిస్టెడ్ కంపెనీకి పెద్ద ఫోన్ కంపెనీతో సప్లై ఒప్పందం కుదిరిందని, వచ్చే మోడల్‌లో వీళ్ల భాగమే వాడతారని యూట్యూబ్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో గట్టిగా చెబుతున్నారని, నాలుగు లక్షలు పెట్టాలా వద్దా అని మీరు అడిగారు. సరిగ్గా ఇలాంటి ఆశతోనే 2014లో నేను సుమారు 9 వేల డాలర్లు పోగొట్టుకున్నాను. ఇల్లు కొనడానికి దాచుకున్న డబ్బు అది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నేను అమెరికాలోని అరిజోనాలో, చాండ్లర్‌లో ఉండేవాడిని. అక్కడికి దగ్గర్లోనే మేసా ఊరు. 2013 నవంబర్ 4న జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ అనే కంపెనీ, యాపిల్‌తో సఫైర్ (గాజు కన్నా గట్టిగా ఉండే స్ఫటికం) సరఫరా ఒప్పందం చేసుకున్నామని ప్రకటించింది. యాపిల్ సుమారు 57.8 కోట్ల డాలర్లు ముందుగా ఇస్తుంది, మేసాలో యాపిల్ కొన్న ఫ్యాక్టరీలో జీటీ తన ఫర్నేసులు పెట్టి సఫైర్ తయారు చేస్తుంది. గీతలు పడని తెరతో కొత్త ఐఫోన్ వస్తుందని ఇంటర్నెట్ అంతా అదే మాట. ఎన్ని ఫర్నేసులు వచ్చాయి, ఒక్కోదాంట్లో ఎంత సఫైర్ వస్తుంది, దాన్ని కోస్తే ఎన్ని లక్షల తెరలవుతాయి అని జనం లెక్కలు కట్టేవాళ్లు. ఆ లెక్కలు నేను రాత్రి ఒంటిగంట దాకా చదివేవాడిని.

శనివారాలు ఆ ఫ్యాక్టరీ వైపు కారేసుకుని వెళ్లేవాడిని కూడా. ఎలియట్ రోడ్డు మీద ఆ పెద్ద బిల్డింగు, పార్కింగ్ నిండా కార్లు. కళ్లతో చూశాను కదా, ఇంకేం కావాలి అనిపించింది. జూన్‌లో 17 డాలర్ల దగ్గర 400 షేర్లు కొన్నాను. జులైలో ఐఫోన్ 6 తెర అంటూ ఒక పలకను కత్తితో గీకి చూపించిన వీడియో వచ్చింది. షేరు 20 డాలర్ల దాకా వెళ్లింది. నాకు ఇక ఏ అనుమానమూ మిగల్లేదు.

సెప్టెంబర్ 9న పొద్దున పదింటికి, యాపిల్ కొత్త ఐఫోన్ ప్రకటించే కార్యక్రమాన్ని ఆఫీసులో లైవ్ పెట్టుకుని కూర్చున్నాను. వాచ్‌కి సఫైర్ అన్నారు. ఫోన్‌కి మాత్రం గట్టిపరిచిన గాజే. షేరు ఆ రోజూ మర్నాడూ పడుతూనే ఉంది. 13 లోపుకి వచ్చినప్పుడు, "వచ్చే ఏడాది మోడల్‌కి ఉంటుందిలే" అనుకుని ఇంకో 200 కొన్నాను. నా మొత్తం కథలో పెద్ద తప్పు అదే. నేను కొన్న కారణం ఆ పొద్దునే పోయింది, ఆ స్థానంలో ఇంకో కారణం నేనే అల్లుకున్నాను.

అక్టోబర్ 6, సోమవారం. జీటీ దివాలా పిటిషన్ వేసింది. శుక్రవారం 11 డాలర్లున్న షేరు ఒక్కరోజులో డాలర్ లోపుకి పడింది. మా ఆవిడకి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

డబ్బు పోయాక కూర్చుని కాగితాలన్నీ చదివాను. ముందు చదవాల్సినవి. నవంబర్ 2013 ప్రకటనలోనే స్పష్టంగా ఉంది: ఈ ఒప్పందం ఎంత కొంటారన్న దానికి ఎలాంటి హామీ ఇవ్వదు, కానీ జీటీ మాత్రం కనీస ఉత్పత్తి సామర్థ్యం నిలబెట్టుకోవాలి. వేరేవాళ్లకి సరఫరా చేయకుండా కట్టడి చేసే కొన్ని (ఎక్స్‌క్లూజివిటీ) షరతులు కూడా జీటీకి వర్తిస్తాయి. యాపిల్ ఇచ్చిన 57.8 కోట్లు 2015 నుంచి ఐదేళ్లలో తీర్చాల్సిన డబ్బు. నేను దాన్ని ఆర్డర్ అనుకున్నాను. అది అప్పు. ఆ రెండు వాక్యాలు చదివి ఉంటే ఫర్నేసుల లెక్కల జోలికి వెళ్లేవాడినే కాదు, ఎందుకంటే ఎన్ని ఫర్నేసులున్నా అవతలివాళ్లు కొనాలన్న నియమం లేదు.

దివాలా కోర్టులో బయటపడ్డ సంగతులు ఇంకా బాధ కలిగించాయి. మొదట యాపిల్ తానే ఫర్నేసులు కొంటుందని మాటలు నడిచాయట. జీటీ అసలు పని ఫర్నేసులు తయారుచేసి అమ్మడమే. తర్వాత ఆ ఏర్పాటు తిరగబడి, అప్పు మీద ఫర్నేసులు పెట్టుకుని సఫైర్ పండించే బాధ్యత జీటీ మీద పడింది. అల్యూమినియం ఆక్సైడ్‌ని రెండు వేల డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, వారాల తరబడి నెమ్మదిగా చల్లారుస్తూ స్ఫటికాన్ని పెంచాలి. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం ఒక్కోటి 262 కిలోల దిమ్మ. అంత పెద్దది పగుళ్లు లేకుండా, తెరకి పనికొచ్చేలా రావడం అనుకున్నంత తేలిక కాలేదు. యాపిల్ చివరి వాయిదా 13.9 కోట్ల డాలర్లు ఇవ్వలేదు. 2019లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్, సరఫరా సామర్థ్యం గురించి ఇన్వెస్టర్లని తప్పుదారి పట్టించారని జీటీ మీదా, అప్పటి సీఈఓ మీదా చర్య తీసుకుంది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా వాళ్లు రాజీపడ్డారు.

ఇంకో విషయం మీకు తప్పకుండా చెప్పాలి. ఒప్పందంలో రహస్యం బయటపెడితే ఒక్కోసారికి 5 కోట్ల డాలర్ల జరిమానా ఉంది. అంటే ఫోన్ గురించి వస్తున్న పుకార్లని కంపెనీ అవుననీ కాదనీ అనలేదు. ఆ మౌనాన్నే మేమంతా "అవును" అని చదువుకున్నాం. మీ గ్రూపుల్లో కూడా ఎవరో ఒకరు "కంపెనీ ఖండించలేదు చూశారా" అంటూ ఉంటారు. ఆ మాటకి విలువ ఇవ్వకండి.

2016 మార్చిలో జీటీ దివాలా నుంచి బయటికొచ్చినప్పుడు పాత షేర్లు రద్దయ్యాయి. నా 600 షేర్లకి పైసా రాలేదు. స్ఫటికాలు పెంచే పనిలో మాత్రం ఆ కంపెనీకి నిజమైన పట్టుంది. 2021లో ఆన్‌సెమీ అనే చిప్ కంపెనీ దాన్ని 41.5 కోట్ల డాలర్లకి కొన్నది సిలికాన్ కార్బైడ్ (చిప్‌ల తయారీలో వాడే స్ఫటికం) కోసమే. టెక్నాలజీ మంచిదైనంత మాత్రాన షేర్‌హోల్డర్‌కి డబ్బు మిగలదని నాకు అప్పుడే అర్థమైంది.

మీరు చెప్పిన కంపెనీ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది కాబట్టి, డీల్ నిజమైతే ఆ ప్రకటన బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో దొరకాలి. కనీసం ఇంత కొంటామని రాశారా, లేక కేవలం సరఫరాదారుగా ఎంపిక చేశామనా? ఫ్యాక్టరీకి డబ్బు ఎవరిది, అప్పైతే ఎప్పటినుంచి తీర్చాలి? ఆ మోడల్‌లో ఈ భాగం లేకపోయినా కంపెనీ అమ్మకాలు నిలబడతాయా? ప్రకటన దొరికితే ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, కలిసి చదువుదాం. అప్పటిదాకా ఆ నాలుగు లక్షలు కదిలించకండి.