హోలోడెక్‌ నుంచి తడి బట్టలతో ఎలా వచ్చాడు?

ప్రశ్న: అంతరిక్ష ఓడ కథల టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' తొలి కథ (1987)లో వెస్లీ అనే కుర్రాడు హోలోడెక్ (ఓడలో కల్పిత లోకాలను నిజంలా సృష్టించే గది) వాగులో పడి, నీళ్లోడుతూ నడవాలోకి వస్తాడు. 'ది బిగ్ గుడ్‌బై' ఎపిసోడ్ (1988)లో మాత్రం అక్కడి రౌడీలు తలుపు దాటగానే కరిగిపోతారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ సరైనవే. హోలోడెక్‌లో కనిపించేదంతా ఒకే సరుకు కాదు. దూరాన ఉన్న కొండలు, ఆకాశం వట్టి కాంతి బొమ్మలు. చేతికి తగిలే మనుషులకు బలక్షేత్రాలు (కంటికి కనిపించని శక్తి గోడలు) గట్టిదనం ఇస్తాయి. గది దాటితే ఆ ఆధారం పోతుంది. నీళ్లు, తిండి, కాగితం లాంటివి రెప్లికేటర్ (కోరిన వస్తువును అక్కడికక్కడే చేసిచ్చే యంత్రం) తయారుచేసిన అసలు పదార్థాలు. అందుకే వెస్లీ బట్టలు ఆరలేదు, ఆ రౌడీల నాయకుడు రెడ్‌బ్లాక్ మాత్రం నడవాలో నాలుగడుగులు వేసి మాయమయ్యాడు. 'ఏంజెల్ వన్' ఎపిసోడ్‌లో హోలోడెక్‌ నుంచి ఎగిరొచ్చిన మంచు ముద్ద ఓడ కెప్టెన్ పికార్డ్‌కి తగలడానికీ ఇదే కారణం.

ప్రశ్న: హోలోడెక్ కథల్లో ప్రతిసారీ భద్రతా ఏర్పాటు చెడిపోవడం, లోపల చిక్కుకుపోవడం. ఇది రచయితల బద్ధకం కాదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలాసార్లు బద్ధకమే. భద్రత పనిచేస్తుంటే తూటా తగిలినా చావరు, ఇక భయమేముంది? అందుకని యంత్రాన్ని పాడుచేస్తారు. 'ది బిగ్ గుడ్‌బై'లో జరాడా అనే గ్రహాంతర జాతివాళ్లు ఓడను స్కాన్ చేయడంతో హోలోడెక్ దెబ్బతింటుంది. చరిత్రకారుడు వేలన్‌కి తగిలిన తూటాకి నిజంగా నెత్తురు కారుతుంది.

ఏదీ చెడకుండా కథ నడిపిన ఎపిసోడ్ 'ఎలిమెంటరీ, డియర్ డేటా' (1988). డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథలన్నీ ఓడలోని ఆండ్రాయిడ్ (మనిషిని పోలిన యంత్రం) డేటాకి కంఠతా వచ్చు, కాబట్టి ఆట చప్పగా ఉంది. అతని స్నేహితుడు, ఓడ ఇంజనీర్ జోర్డీ కంప్యూటర్‌ని "డేటాని ఓడించగల" ప్రత్యర్థిని సృష్టించమంటాడు. "హోమ్స్‌ని" అనవలసింది. ఆ ఒక్క పేరు మారడంతో ఆటలోని హోమ్స్ శత్రువు మోరియార్టీకి స్పృహ వచ్చేస్తుంది. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది, తప్పు మనిషి మాటలో ఉంది. ఈ తరహా కథల్లో నాకు దీన్ని మించింది లేదు.

ప్రశ్న: వెబ్ సిరీస్ కోసం 40 నిమిషాల వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఎపిసోడ్ రాస్తున్నాను. "ఇదంతా ఇంకా లోపలే జరుగుతోంది" అనే మలుపు పెట్టాను. చదివినవాళ్లు మోసం అంటున్నారు.
– ఒక రచయిత, హైదరాబాద్

జవాబు: ఆధారం ముందే ఇవ్వకపోయి ఉంటారు. 'నెక్స్ట్ జనరేషన్'లోని 'షిప్ ఇన్ ఎ బాటిల్' (1993) మొదటి సీను చూడండి. హోమ్స్ ఆటలో ఒక పాత్ర కుడి, ఎడమ చేతివాటం తారుమారైందని డేటా పట్టుకుంటాడు, మరమ్మతుకి ఇంజనీర్ బార్‌క్లేని పిలుస్తారు. అది చిన్న లోపమనుకుని మనం మరచిపోతాం. చాలాసేపటి తర్వాత, హోలోడెక్ దాటి ఓడలోకి వచ్చేశామనుకుంటున్న సమయంలో, జోర్డీ తన అలవాటు చేత్తో కాక రెండో చేత్తో పనిచేయడం డేటా కంటబడుతుంది. అంటే ఆ జోర్డీ కూడా హోలోడెక్ కల్పనే, వాళ్లు బయటికి రానేలేదు. మోసపోయామనిపించదు, అయ్యో కళ్లముందే ఉందే అనిపిస్తుంది.

మీ స్క్రిప్టులో మొదటి ఐదు నిమిషాల్లోనే మామూలుగా బయటికొచ్చే పద్ధతి ఒకసారి చూపించండి. అది తెలియకపోతే దారి మూసుకుపోయినప్పుడు ప్రేక్షకుడికి కంగారు పుట్టదు. లోపం గుర్తు ఒక్కటే పెట్టుకోండి, మొదట వేరే పని మీద కనిపించాలి, చివర మళ్లీ రావాలి. కలలో కలలాగా మూడో పొర వేయకండి; ఏది అసలో పట్టించుకోవడం ప్రేక్షకుడు మానేస్తాడు.

ఇంకొకటి: మీ పాత్రలు తలకు పెట్టుకునే హెడ్‌సెట్ వాడుతుంటే "తీసేస్తే పోలా?" అని మొదటి ప్రశ్న వస్తుంది. 'డాక్టర్ హూ' సీరియల్‌లోని 'ది డెడ్లీ అసాసిన్' కథ (1976)లో మనసునే మేట్రిక్స్ అనే కంప్యూటర్ లోకానికి కలిపారు, లోపల చస్తే బయటా చావే. అలాంటి గట్టి కారణం దొరికేదాకా రెండో సీనుకి వెళ్లకండి.