బోన్‌విల్‌లో నడిచిన పాత రేసు కారు కొనొచ్చా? కొని, నడిపి, అమ్మినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: యూటాలో ఉంటున్నారు, అక్కడి బోన్‌విల్ ఉప్పు మైదానంలో ఏటా జరిగే వేగం పోటీలు, అంటే స్పీడ్ వీక్, చూసొచ్చారు. అక్కడ లేక్‌స్టర్ అనే రకం పాత రేసు కారు ఒకటి అమ్మకానికి కనిపించింది. "గంటకు 220 మైళ్లు వెళ్లిన కారు, రికార్డు కూడా ఉంది" అంటున్నాడు అమ్మేవాడు. కొనొచ్చా, రేపు మోజు తీరాక అమ్ముడుపోతుందా అని మీ సందేహం.

కొనొచ్చు. కానీ ఆ 220కి మాత్రం డబ్బులివ్వకండి. అంత వేగం తెచ్చింది ఆ రోజు ఉన్న ఇంజిను, ఆ రోజు ఉప్పు, ఆ డ్రైవరు. రికార్డు పాత ఓనరు పేరు మీదే ఉంటుంది, కారుతో పాటు మీకు రాదు. పైగా ఆ రికార్డును ఈపాటికి ఎవరో దాటేసి ఉండొచ్చు, ఇప్పటి జాబితా తీసి చూడండి. బోన్‌విల్‌లో రికార్డంటే ఒక్క పరుగు కాదు. మొదటి పరుగులో పాత రికార్డును దాటాక కారును ఇంపౌండ్‌లో, అంటే నిర్వాహకుల కాపలాలో ఉండే ఆవరణలో, పెడతారు. మర్నాడు పొద్దున మళ్లీ పరిగెత్తాక రెండింటి సగటు తీస్తారు. కాబట్టి నోటిమాట వినకుండా, పరుగు వేగం రాసుండే టైమింగ్ స్లిప్పులు చూపించమనండి. నిజంగా నడిపినవాడు వాటిని ఎక్కడో ఫైల్లో దాచుకునే ఉంటాడు.

నేనూ, ఆఫీసులో పరిచయమైన ఒక మిత్రుడూ కలిసి ఇలాంటి లేక్‌స్టరే కొన్నాం. చక్రాలు బయటికి ఉండి, బాడీ సన్నగా పొడుగ్గా ఉండే రకం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బిల్ బర్క్ యుద్ధ విమానాల ఇంధన ట్యాంకులో ఇంజిను పెట్టి మొదలుపెట్టిన వంశం ఇది. మా మిత్రుడికి వెల్డింగు బాగా తెలుసు, నాకు స్ప్రెడ్‌షీట్ బాగా తెలుసు. ఈ పనికి రెండూ కావాలి.

ముందు ఉప్పు సంగతి. "ప్రతిసారీ శుభ్రంగా కడిగాం" అని అమ్మేవాళ్లందరూ అంటారు. అబద్ధమేమీ కాదు, పక్క ఊరు వెండోవర్‌లో ఆగి నీళ్లు బాగానే కొడతారు. కానీ ఆ నీళ్లు పోని చోట్లే అసలు బాధ. ఆవకాయ జాడీ మీద ఇనప మూత పెట్టి ఏడాది వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా, ఇక్కడ జరిగేదీ అదే. మేం చూడబోయిన కారుకు కింది ప్యానెల్ స్క్రూలు విప్పమంటే ఆ ఓనరు కాస్త నసిగాడు. విప్పాక గట్టిపడిన ఉప్పు పెచ్చులు పెచ్చులుగా నేలమీద రాలింది. ఫ్రేము గొట్టానికున్న చిన్న రంధ్రంలోంచి బోరోస్కోప్ కెమెరా దూర్చి ఫోన్లో చూశాం. లోపల అడుగున తెల్లటి చార, దాని పక్కనే తుప్పు పొక్కులు. మిత్రుడు చిన్న సుత్తితో గొట్టం పొడుగునా తట్టుకుంటూ పోయాడు. డ్రైవరు సీటు వెనక ఒకచోట కంగుమనాల్సింది మొద్దుగా పలికింది. ఆ ముక్క కోసి కొత్తది వేయక తప్పదని ఓనరే ఒప్పుకున్నాడు, ధర అక్కడికక్కడే దిగింది.

అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి ఆనుకునే చోట్లు, వైరింగ్ కనెక్టర్లు, బేరింగులు కూడా ఇలాగే చూడండి. ఇది చిన్న కార్లకే వచ్చే జబ్బు కాదు. 1965లో సమ్మర్స్ అన్నదమ్ములు గంటకు 409.277 మైళ్ల రికార్డు పెట్టిన గోల్డెన్‌రాడ్‌ను 2002లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం తీసుకుంది. ఉప్పు తినేసిన భాగాలను బాగుచేయడం వాళ్లకే పెద్ద పని అయింది.

తర్వాత కేజ్ (డ్రైవరు చుట్టూ ఉండే రక్షణ గొట్టాల చట్రం), లాగ్‌బుక్ (కారు తనిఖీలు రాసే పుస్తకం). అక్కడి నిర్వాహకులు ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) వాళ్లు, రూల్‌బుక్ ఏటేటా మారుతుంది. పదేళ్ల కిందట తనిఖీలో పాసైంది కదా అని ఈసారీ పాసవుతుందని లేదు. లాగ్‌బుక్‌లో చివరి తనిఖీ ఏ ఏడాదిదో, ఇన్‌స్పెక్టర్ "వచ్చేసారికి సరిచేయాలి" అని ఏమైనా రాశాడేమో చదవండి. కొనకముందే ఫొటోలు తీసి ఒక ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి. మర్యాదగా అడిగితే ఓపిగ్గా చెప్తారు, ఈ లోకంలో నాకు బాగా నచ్చిన విషయం అదే. సీటు బెల్టులు, మంటలార్పే సీసాలు, పారాచ్యూట్, టైర్లు, వీటన్నిటికీ వయసుంటుంది. చూడ్డానికి కొత్తగా ఉన్నా తారీఖు దాటితే సున్నా కింద లెక్కేసుకోండి. ఉప్పుతో తడిసిన పారాచ్యూట్‌ను ఆరబెట్టకుండా మడిచి పెట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

సీట్లో కూర్చుని చూడకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. హెల్మెట్, సూటు, గ్లవ్స్ అన్నీ వేసుకుని కూర్చోండి. ఈ కార్లు ఒక మనిషి కొలతకు కట్టినవి. ఓనరు అయిదున్నర అడుగులవాడై, మీరు ఆరడుగులైతే మీ తలకూ కేజ్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీ ఉండదు. దానికోసం కేజ్ మార్చడమంటే కారు మళ్లీ కట్టుకోవడమే. బెల్టులు విప్పుకుని మీ అంతట మీరు గబగబా బయటికి రాగలరా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి, తనిఖీలో ఎలాగూ చేసి చూపించమంటారు.

కారు 220 వెళ్లేదైనా మిమ్మల్ని మొదటి రోజే అంత వెళ్లనివ్వరు. లైసెన్సు మెట్లు మెట్లుగా వస్తుంది: ముందు గంటకు 125 మైళ్ల లోపు, తర్వాత 150 లోపు, 175 లోపు, 200 లోపు, ఆ పైన. ఒక్కో మెట్టుకు ఒక్కో పరుగు, ఒక్కో పరుగుకు గంటలకొద్దీ లైన్లో ఎదురుచూపు. అందుకే కారుతో పాటు రియర్ ఎండ్ (వెనక ఇరుసు) గేర్ల సెట్లు ఎన్ని ఇస్తున్నాడో అడగండి. బాగా ఎత్తు గేరు (ఎక్కువ వేగానికి సరిపోయేది) ఒక్కటే ఉంటే నెమ్మది పరుగుల్లో ఇంజిను మూలుగుతుంది. ఎత్తు గేరున్న కార్లను వెనకనుంచి ట్రక్కుతో నెట్టి వేగం అందించాలి, అంటే నెట్టే బండి, పుష్ బార్ కూడా మీ లెక్కలోకి వస్తాయి. ట్రైలరు సంగతీ ఇంతే. మాకు విడి చక్రాలు, గేర్లు, ట్రైలరు కలిపి ఇవ్వడమే బేరంలో లాభించింది.

కాగితాల విషయానికొస్తే, ఇది రోడ్డు మీద తిరిగే బండి కాదు కాబట్టి చాలావాటికి టైటిల్ (ప్రభుత్వం ఇచ్చే యాజమాన్య పత్రం) ఉండదు, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం కాగితం) రాసుకుంటారు. ట్రైలరుకు మాత్రం టైటిల్ అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ ఏజెంటుకి ముందే ఫోన్ చేయండి, మీ మామూలు కారు పాలసీ దీనికి పనికిరాదు.

ఇక అమ్మకం. కట్టడానికి పెట్టిన డబ్బులో సగం వెనక్కొస్తే సంతోషించే వ్యాపారం ఇది. కొనేవాళ్లు కొద్దిమందే, అందులోనూ సగం మందికి గ్యారేజీలో ఇప్పటికే ఒకటుంటుంది. నేల మీద వేగం రికార్డు కోసం బ్రిటన్‌లో కట్టిన, అంత పేరున్న బ్లడ్‌హౌండ్ కారునే చూడండి. 2018 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే డిసెంబరులో ఇయాన్ వార్‌హర్స్ట్ అనే వ్యాపారి కొని బతికించాడు. 2019లో దక్షిణాఫ్రికాలోని హాక్స్‌కీన్ పాన్‌లో గంటకు 628 మైళ్ల వేగం అందుకుంది. 2021 జనవరిలో ఆయన కూడా అమ్మకానికి పెట్టేశాడు. 1997లో థ్రస్ట్ ఎస్‌ఎస్‌సీ అనే కారు పెట్టిన గంటకు 763.035 మైళ్ల రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు.

మా అనుభవంలో ఇంజినుతో కలిపి అమ్మబోతే ఫోన్లు రాలేదు. ఇంజిను విడిగా, రోలర్ (ఇంజిను లేని కారు) విడిగా పెట్టాకే కదలిక వచ్చింది. కారణం చెప్తా. పోటీలో కారు క్లాసు (విభాగం) ఇంజిను సైజును, ఇంధనాన్ని, బాడీని బట్టి మారుతుంది. కొనేవాడి దగ్గర తనకు నచ్చిన ఇంజిను ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, అతనికి కావాల్సింది తుప్పు పట్టని ఫ్రేము, పాసైన కేజ్. అందుకని కింది ప్యానెల్ విప్పేసి గొట్టాల లోపల తీసిన ఫొటోలు, లాగ్‌బుక్ పేజీలు పెట్టాం. కారు మెరిసే ఫొటోల కంటే వాటినే ఎక్కువమంది అడిగారు.

స్పీడ్ వీక్ అయిన వెంటనే పెట్టండి, కొన్నవాడికి పని చేసుకోడానికి చలికాలమంతా ఉంటుంది. 2014, 2015, 2022లలో నీళ్లు నిలిచో ఉప్పు పాడయ్యో స్పీడ్ వీక్ రద్దయింది. అలాంటి ఏడాదిలో మాత్రం అమ్మకానికి పెట్టకండి, అందరూ అమ్మేవాళ్లే ఉంటారు, బేరం మీ చేతిలో ఉండదు.

మీరు చూసిన కారు లాగ్‌బుక్ చివరి రెండు పేజీలు, కేజ్ ఫొటోలు ఇక్కడ పెడితే మా మిత్రుడికి చూపించి చెప్తాను.